‘ఏ చేతికి?’: మన అక్కయ్యగారి ముప్పై అయిదేళ్లు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెల పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ఫిల్ములు కడిగే చీకటి గదికి సహాయకురాలిగా ఒక పాతికేళ్ల యువతి వచ్చి చేరినట్లు ఆనాటి హాజరు పట్టీ చెబుతోంది. ఆ సంతకం పక్కనే ఎర్ర సిరాతో ‘అరగంట ఆలస్యం’ అని కూడా ఉంది. ఆలస్యానికి కారణం బద్ధకం కాదు. చీకటి గది ఎక్కడుందో గేటు దగ్గర ఎవరూ చెప్పలేకపోయారు. తలుపు మీద బోర్డు లేదు. మరునాడు ఆమె ఒక అట్టముక్క మీద బాణం గుర్తు గీసి మెట్ల దగ్గర తగిలించారు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఆమె పేరు పక్కన ఎర్ర సిరా పడింది రెండే రెండుసార్లు. ఇది మొదటిది. రెండోదాని సంగతి చెప్పకుండా ఆమె గురించి రాస్తే ఈ వ్యాసం అసంపూర్ణంగా మిగిలిపోతుంది కనుక, దానికి తగినంత చోటు ముందే కేటాయించుకున్నాను.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన ఇమేజింగ్ విభాగపు ప్రధాన సాంకేతికాధికారిణిని ఆసుపత్రి అంతా ‘అక్కయ్యగారు’ అనే పిలుస్తుంది. ఆమెకంటే ఏడేళ్లు పెద్దవారైన మాజీ సూపరింటెండెంటుగారు కూడా అలాగే పిలిచేవారు. ఒకసారి ఆమె, “సార్, మీరు నాకంటే పెద్దవారు కదా” అని గుర్తుచేస్తే, “వయసులో పెద్దవాణ్ణే. ఎక్స్‌రే కావలసి వచ్చినప్పుడు మాత్రం చిన్నవాణ్ణి” అన్నారట. ఈ సంచికకు రాయమని అడిగినప్పుడు, మందుల తయారీ గదిలో పనిచేసే నాకు ఆ అర్హత ఉందా అని సందేహించాను. అయితే గత పదకొండేళ్లుగా ఆమె తెర మీద మెరిసినదల్లా మా గది సీసాల్లోంచి వెళ్లినదే కనుక, ఆమె పనిని ఇరుగుపొరుగు దూరం నుంచి చూసినవాడిగా రాస్తున్నాను.

తొమ్మిదేళ్లు చీకటి గదిలో పనిచేసిన తరువాత, తొంభై ఎనిమిదిలో సి.టి. స్కాన్ యంత్రం వచ్చినప్పుడు దాని శిక్షణకు ఎంపికైన ఇద్దరిలో అక్కయ్యగారు ఒకరు. రెండువేల ఆరులో ఎం.ఆర్.ఐ. వచ్చేనాటికి ఆమె ఒక్కరే మిగిలారు. యంత్రాలు మారిన ప్రతిసారీ ఆమె కొత్త పుస్తకాలు చదివారు, కొత్త పరీక్షలు రాశారు. చేసే పద్ధతి మాత్రం మార్చలేదు. ఎం.ఆర్.ఐ. సొరంగంలో పడుకున్నవారికి ఎదురుగా కనబడే గోడ గడియారాన్ని మొదటి వారంలోనే తీయించారు. దుప్పట్లను కప్పే ముందు వెచ్చచేసే అలమారా ఒకటి, వంటగదిలో వాడక మూలన పడేసినదాన్ని, అడిగి తెప్పించుకున్నారు. “ఇంకొంచెం సేపే” అనే మాటను ఆ గదిలో నిషేధించారు. నాలుగు నిమిషాలుంటే నాలుగనీ, పదకొండుంటే పదకొండనీ చెప్పాలి. “కొంచెం అంటే ఎంతో పడుకున్నవాళ్లకి తెలీదు. కూర్చున్నవాళ్లకే తెలుసు” అని కొత్తగా చేరినవారికి ఆమె చెప్పేవారు.

నా భార్య పోయిన తరువాత నేను తిరిగి విధులకు వచ్చిన రోజున అందరూ వచ్చి పరామర్శించి వెళ్లారు. అక్కయ్యగారు మాత్రం ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఇందులో నూట ఇరవై చీటీలున్నాయి. చేతిరాత బాగున్నవాళ్లు కావాలి. సాయంత్రానికి అయిపోవాలి” అని వెళ్లిపోయారు. సాయంత్రందాకా తల ఎత్తకుండా రాశాను. ఆ చీటీలను అచ్చు వేసే యంత్రం వాళ్ల విభాగంలో అప్పటికే ఉందని నాకు తెలిసింది ఆ మరుసటి ఏడాది.

రెండువేల పదమూడులో మన ఆసుపత్రిలో ప్రారంభమైన చికిత్స గురించి, ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం, నాలుగు మాటలు చెప్పాలి. భూతద్దంతో ఎండను ఒక చుక్క దగ్గరికి తెచ్చినట్లు, చెవికి అందని శబ్దాన్ని శరీరం లోపల బియ్యపుగింజంత చోటికి కేంద్రీకరించవచ్చు. దారిలో ఉన్న చర్మానికీ కండకూ ఏమీ కాదు; శబ్దం కలిసే ఆ ఒక్కచోట మాత్రం కణితి ఉడికిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు. చిక్కల్లా గురి దగ్గరే. ఆ గురి కోసమే తలవెంట్రుకలో వెయ్యోవంతు మందం ఉండే నానో కణాలను ముందురోజు రక్తంలోకి ఎక్కిస్తాం. కణితిలోని రక్తనాళాలు సందులు పడి ఉంటాయి కనుక ఈ కణాలు అక్కడ ఎక్కువగా చేరతాయి. చేరి రెండు పనులు చేస్తాయి: ఎం.ఆర్.ఐ. తెర మీద కణితిని తెల్లగా చూపిస్తాయి. శబ్దం తగిలినప్పుడు అక్కడి వేడిని పెంచుతాయి. కణాలను సిద్ధం చేయడం మా గది పని. వాటిని చూసి గురి చెప్పడం అక్కయ్యగారి పని. మీట నొక్కడం పెద్ద డాక్టరుగారి పని; ఒక్కో నొక్కును ‘షాటు’ అంటాం.

గురి సరిచూడడానికి ఆమె ప్రతి ఉదయం సముద్రపు నాచు పొడితో గట్టి జెల్లీ ముద్ద ఒకటి కాచి, చల్లార్చి, దానిలో ఆవగింజంత పూస దాచి, శబ్దం సరిగ్గా ఆ పూస మీద పడుతోందో లేదో పరీక్షించేవారు. యంత్రం చేసిన కంపెనీవారు నెలకోసారి చాలన్నారు. ఆమె పదకొండేళ్లలో ఒక్క రోజూ మానలేదు. నాచు పొడి కోసం మొదటిసారి పంపిన కాగితాన్ని చూసి సామగ్రి గది గుమస్తా, “ఇది పేషెంట్లకా, మీ విభాగంలో పుట్టినరోజుకా?” అని రాసి తిప్పి పంపాడు. “పేషెంట్ల బదులు ముందు ఇది ఉడకాలి” అని దాని కిందే రాసి ఆమె మళ్లీ పంపారు. ఆ కాగితం ఇప్పటికీ సామగ్రి గది గోడ మీద ఉంది.

ఇక రెండో ఎర్ర సిరా.

అది రెండువేల పదహారు సెప్టెంబరు. ఈ చికిత్సకు పూర్తి అనుమతి ఇవ్వవచ్చునో లేదో నిర్ణయించే ముగ్గురు సభ్యుల పరిశీలక బృందం మన విభాగానికి వచ్చింది. ఒక చికిత్సను మొదటి నుంచి చివరిదాకా వారు స్వయంగా చూడాలి. అదే నెలలో ప్రధాన సాంకేతికాధికారి పదవికి అక్కయ్యగారి పేరు ప్రతిపాదనలో ఉంది. బృందం సంతృప్తిగా వెళితే అనుమతి, పదోన్నతి రెండూ ఒకేసారి వస్తాయని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ రోజు చికిత్సకు వచ్చినావిడ దర్జీ పని చేస్తారు. అప్పటికి యాభై దాటాయి. కుడిచేతి లోపలివైపు, మోచేతికి కాస్త పైన నిమ్మకాయంత కణితి. వేళ్లను ఆడించే నరం దాని పక్కనుంచే కిందికి పోతోంది. కోసి తీస్తే బొటనవేలూ చూపుడువేలూ మళ్లీ కలుస్తాయన్న హామీ లేదని సర్జనుగారు ముందే చెప్పేశారు. ఆ రెండు వేళ్లూ కలవకపోతే సూది పట్టడం కుదరదు. “సూది పట్టలేకపోతే నాకీ చెయ్యి దేనికండీ, అలంకారానికా?” అని ఆవిడ అడిగిందట. అందుకే ఈ చికిత్సకు పంపించారు.

కణాల మందును ఎప్పుడూ కణితి లేని చేతికే ఎక్కించాలన్నది మా ఆనవాయితీ. కారణం సులభం. సూది గుచ్చినచోట మందు ఏ కాస్త బయటికి కారినా అది అక్కడి కండలో నిలిచి, తెర మీద కణితిలాగే మెరుస్తుంది, శబ్దం తగిలితే కణితిలాగే వేడెక్కుతుంది. అందరికీ తెలిసిన విషయం కనుక ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. మందు ఎక్కించిన వివరాలు నింపే కాగితంలో తేదీ, సీసా సంఖ్య, మోతాదు, సమయం ఉండేవి. ఏ చేతికి అన్న ప్రశ్న లేదు. ఆ కాగితాన్ని తయారుచేసింది నేనే.

ముందురోజు మధ్యాహ్నం నర్సమ్మ ఎడమ చెయ్యి పట్టుకోగానే దర్జీ ఆవిడ వెనక్కి లాక్కుంది.

“ఆ చెయ్యి వద్దమ్మా. మొన్నటి మందులకి పొడిచి పొడిచి తూట్లు చేశారు. చూడు, ఎలా కమిలిందో. ఇటు పెట్టండి, మీకు పుణ్యముంటుంది.”

“ఇది గడ్డ ఉన్న చెయ్యి కదండీ” అంది నర్సమ్మ.

“ఎలాగూ పాడైన చెయ్యే కదా, దానికే ఇంకో పోటు పడనీ.”

నర్సమ్మ అక్కయ్యగారి వైపు చూసింది. అక్కయ్యగారు ఆ ఎడమచేతిని తన చేతుల్లోకి తీసుకుని చూశారు. మణికట్టు నుంచి మోచేతి దాకా నీలం, పసుపు మచ్చలే. “సరే, ఈ ఒక్కసారికి ఇటే కానీ. మోచేతి కింద పెట్టు. నెమ్మదిగా ఎక్కిద్దాం” అన్నారు. ఇరవై ఏడేళ్లలో ఆమె ఆనవాయితీ తప్పింది అప్పుడే, తప్పించింది జాలి.

మరునాడు ఉదయం సీసా తాలూకు సంతకం కోసం నేను కూడా తెర గదిలో ఉన్నాను. అద్దం అవతల దర్జీ ఆవిడ చెయ్యి చాపి పడుకుని ఉంది. ఇవతల పెద్ద డాక్టరుగారు, ఆయన వెనుక కుర్చీల్లో పరిశీలకులు ముగ్గురు, తెర ముందు అక్కయ్యగారు. చిత్రం వచ్చింది. కణితి తెల్లగా, గుండ్రంగా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. దాని అడుగు నుంచి మోచేతి కిందిదాకా సన్నని తెల్లటి తోక ఒకటి దిగింది. నరం దారి కూడా అదే.

పెద్ద డాక్టరుగారు పరిశీలకుల వైపు తిరిగారు. “చూశారా, కణాల వల్ల లాభం ఇదే. కణితి పాకిన భాగం, మామూలు స్కాన్‌లో కనబడనిది, ఇందులో కనబడుతోంది. దాన్ని కూడా ఇవాళే కలిపేద్దాం. అక్కయ్యగారూ, తోక వెంబడి ఇంకో ఆరు షాట్లకి గురి పెట్టండి.”

అక్కయ్యగారు గురి పెట్టలేదు. వారం కిందటి చిత్రం తెప్పించి పక్కన పెట్టారు. అందులో తోక లేదు. అంత దూరం ముందే పాకి ఉంటే మామూలు స్కాన్‌లోనూ కొంత జాడ తెలిసేదనీ, వారంలో కణితి అంత దూరం పాకదనీ ఆమెకు తెలుసు. ఎందుకు కనబడుతోందో కూడా తెలుసు. నర్సమ్మ ఆ రోజు సెలవు. కాగితంలో రాయలేదు. సూది ఏ చేతికి పెట్టారో తెలిసినవారు ఆ గదిలో ఆమె ఒక్కరే.

“ఆగండి సార్” అన్నారు.

“ఏమైంది?”

“అది గడ్డ కాదు సార్. మందు కారింది. సూది ఈ చేతికే పెట్టించాను.”

“ఈ చేతికా? ఎవరు పెట్టమన్నారు?”

“నేనే.”

పెద్ద డాక్టరుగారు కాగితం తిరగేసి చూశారు. “ఇందులో లేదే!”

“అందులో అడగలేదు సార్. అందుకే నోటితో చెబుతున్నాను.”

పరిశీలకులలో ఒకాయన గొంతు సవరించుకున్నారు. “తోకని వదిలేసి గడ్డవరకే చేయొచ్చు కదా?”

“ఎక్కడ గడ్డ ఆగి ఎక్కడ మందు మొదలైందో నేను చెప్పలేను సార్. చెప్పలేనిచోట నరం ఉంది.”

“అయితే మేము ‘చికిత్స జరగలేదు’ అని రాసుకోవాలి. మీకు తెలుసు కదా?”

“రాసుకోండి సార్” అన్నారామె. “ఎందుకు జరగలేదో కూడా రాయండి. తప్పు యంత్రానిది కాదు, మందుది కాదు. నాది.”

పెద్ద డాక్టరుగారు మీట మీది మూతను దించి, లేచి వెళ్లిపోయారు. ఆయన కోపంగా వెళ్లారని ఆ రోజు అనుకున్నాం. ఇంకో నిమిషంలో తన చేత్తోనే ఆ నరాన్ని కాల్చేసి ఉండేవాడినని, అందుకే ఎవరి ఎదుటా ఉండలేకపోయానని ఆయన నాకు చెప్పింది చాలా కాలానికి.

అక్కయ్యగారు లోపలికి వెళ్లి, దర్జీ ఆవిడను లేపి కూర్చోబెట్టి, జరిగినదంతా ఆమెకూ చెప్పారు. మైకు ఆపడం మరచిపోయారు కనుక మాకు వినబడింది.

“అయ్యో, అటు వద్దన్నది నేనే కదమ్మా!”

“నొప్పి ఉన్నవాళ్లు వద్దంటారు. అది మీ తప్పు కాదు. నేను వినకూడదు, విన్నాను.”

“మరి చెయ్యి?”

“చెయ్యి బాగానే ఉంది. కారిన మందు కరగాలి. మూడు వారాలు పడుతుంది.”

దర్జీ ఆవిడ వేళ్లు ఒకసారి ముడిచి తెరిచి చూసుకుంది. “పోనీలే. ఈలోగా ఒప్పుకున్న బట్టలన్నా కుట్టేస్తా. ఒకటే పోరు పెడుతున్నారు. ఆసుపత్రికి వెళ్తున్నానన్నా ‘చేతులింకా ఉన్నాయిగా’ అంటారు జనం.”

మూడు వారాల తరువాత అక్కయ్యగారు ఆవిడ ఎడమచేతిని వేడినీళ్ల సంచి మీద పెట్టి, పక్కన స్టూలు వేసుకుని, రక్తనాళం ఉబికి కనబడేదాకా నలభై నిమిషాలు కూర్చున్నారు. ఒకే పోటుకు సూది ఎక్కింది. మరునాటి చిత్రంలో తోక లేదు. కణితికి పద్నాలుగు షాట్లు పడ్డాయి. ప్రతి షాటుకూ మధ్య దర్జీ ఆవిడ బొటనవేలిని మిగతా వేళ్లన్నిటికీ ఆనించి చూపించాలి. పదోసారికి విసుగొచ్చి, “ఇన్నిసార్లెందుకమ్మా, ఓ సూదీ దారం ఇవ్వండి, ఎక్కించి చూపిస్తా” అందట. ఆరు నెలల తరువాతి స్కానులో కణితి ఉన్నచోట మచ్చ మిగిలింది, అంతే. వేళ్లు కలుస్తున్నాయి. ఆవిడ నేటికీ కుడుతూనే ఉన్నారు.

జరగవలసిన మిగతావి కూడా జరిగాయి. అక్కయ్యగారికి మెమో వచ్చింది. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక వాక్యం చేరింది. ఆనవాయితీ మీరిన మనిషికి మెమో వచ్చింది గాని, అడగవలసిన ప్రశ్న అడగని కాగితానికి రాలేదు. అది నా మీద జరిగిన దయ అని నాకు తెలుసు. ప్రధాన సాంకేతికాధికారి పదవి ఆమె దగ్గరే పని నేర్చుకున్న మరొకరికి వెళ్లింది. “ఆయన ముందు కూర్చోవడం కష్టంగా లేదా?” అని ఒకరు అడిగితే, “కుర్చీ ఆయనది, తెర నాది. ఇద్దరికీ చోటుంది” అన్నారు. నాలుగేళ్లపాటు ఆయనను అందరి ముందూ “సార్” అనే పిలిచారు. ఆయన మాత్రం, ఎదురుపడితే లేచి నిలబడడం మానుకోలేకపోయారు. అనుమతి ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఉత్తరంతోపాటు పంపిన నివేదికలో, చికిత్స చేయడం వచ్చినచోట్లు అనేకం చూశామనీ, ఆపడం వచ్చినచోటు ఇదని తమకు నమ్మకం కుదిరిందనీ పరిశీలకులు ఒక వాక్యం రాశారు.

మెమో వచ్చిన మరునాడు నేను ఆ కాగితాన్ని తిరగరాసి ఆమెకు చూపించాను. ‘మందు ఏ చేతికి?’ అన్న గడి కొత్తగా చేర్చాను. ఆమె చదివి, దాని కింద పెన్సిలుతో ‘ఎవరు చెప్పారు?’ అని మరొకటి చేర్చారు. “రెండోది ఎందుకండీ? మనుషుల్ని పట్టుకోవడానికా?” అని అడిగాను. “కాదు. చెప్పినవాళ్లు తరువాత కూడా చెప్పడానికి” అన్నారు. ఆ రెండు గడులూ ఇవాళ్టికీ ఉన్నాయి. ఈ ఎనిమిదేళ్లలో రెండో గడిని ఖాళీగా వదిలిన కాగితం మా గదికి ఒక్కటీ రాలేదు.

రెండువేల ఇరవైలో ఆమె ప్రధాన సాంకేతికాధికారిణి అయ్యారు. అప్పటి నుంచి ఈ నెల వరకు నాలుగు వందల పైచిలుకు చికిత్సలకు గురి చెప్పారు. పదహారుమందికి పని నేర్పారు. నేర్పిన మొదటి పాఠం ప్రతిసారీ ఒకటే. తన సర్వీసు పుస్తకంలోని ఆ ఎర్ర వాక్యాన్ని నకలు తీసి, కొత్తవారి చేత బయటికి చదివించేవారు. చదువుతూ కొందరు ఇబ్బందిపడి ఆగిపోయేవారు. “చదవండి, చదవండి. పరువు నాది, గొంతు మీది” అనేవారు.

ఈ సంచిక కోసం మేము వారింటికి వెళ్లినప్పుడు ఈ కథంతా విన్న ఆమె భర్తగారు, బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఏమిటీ, ‘తప్పు నాది’ అందా? ఈవిడా? ముప్పై రెండేళ్లయింది పెళ్లయి, కూరలో ఉప్పెక్కువైతే ఉప్పు కొన్న నాదే తప్పంటుంది!” అన్నారు. పక్కనే ఉన్న కూతురు, “అన్ని తప్పులూ ఆసుపత్రిలోనే ఒప్పేసుకుని వచ్చేది నాన్నా, ఇంటికి మిగిలేవి కావు” అంది. అక్కయ్యగారు వంటింట్లోంచి, “వినబడుతోంది” అన్నారు. ఆ ఇంటి సహనమూ ఆ ఇంటి హాస్యమూ లేకపోతే, ఇన్నేళ్ల ఉదయాలు ఆమె మనకోసం అంత ముందుగా బయలుదేరి రాగలిగేవారు కారు. ఆ ఇద్దరికీ మన విభాగం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే నెల మొదటి తేదీ నుంచి జెల్లీ కాచే పని ఆమె శిష్యురాలికి అప్పగించారు. అక్కయ్యగారికి మనం కోరుకోదగిన దీర్ఘాయువును గురించి ఆలోచిస్తే, నాకు తోచినది ఇది. ఆమె మరో ముప్పై ఏళ్లు ఏ యంత్రం కింద పడుకోనవసరం లేకుండా, తన కాళ్ల మీద తాను తిరుగుతూ, ఉప్పు గురించి భర్తగారితో వాదిస్తూ ఆరోగ్యంగా ఉండాలి. అయితే శరీరాలన్నిటికీ ఒకనాడు పరీక్ష వస్తుందని మన వృత్తి మనకు నేర్పింది. ఎప్పుడో, ఎనభయ్యో తొంభయ్యో దాటాక ఆమె ఒక బల్ల మీద చెయ్యి చాపి పడుకోవలసి వస్తే, ఆ రోజు అద్దం ఇవతల తెర ముందు కూర్చున్నవారు, తెలిసింది తమ ఒక్కరికే అయినా, “ఆగండి, తప్పు నాది” అని చెప్పగలిగినవారై ఉండాలని నా ప్రార్థన. అటువంటివారు పదహారుమంది ఇప్పటికే మన మధ్య ఉన్నారు.